గుర్రం మొండికేసిందా, జీను గుచ్చుకుందా?

గుర్రం గురించి తెలుగులో వ్యాసమేమిటి అని ముక్కున వేలేసుకోకండి. మన పిల్లలు కూచిపూడి, టెన్నిస్, స్పెల్లింగ్ బీ దాటుకుని గుర్రపు స్వారీ పాఠాల దాకా వచ్చేశారు. మా శాక్రమెంటో చుట్టుపక్కల శనివారం పొద్దున్నే లాయాల దగ్గర కనబడే తెలుగు కుటుంబాలు నాకు తెలిసినవే నాలుగున్నాయి. పిల్లల్ని దింపడానికి వెళ్ళి, కంచె పట్టుకుని నిలబడి నిలబడి, చివరికి తామే ఎక్కి కూర్చున్న నాన్నలు కూడా ఉన్నారు. వాళ్ళలో నేనొకణ్ణి.

2021లో మా అమ్మాయి పాఠాలు నేర్చుకునే లాయంలోనే ఒక గుర్రాన్ని సగం లీజుకి తీసుకున్నాం. అంటే వారంలో మూడు రోజులు మాది, మిగతా రోజులు యజమానురాలిది. పేరు బిస్కెట్. పదిహేనేళ్ళ క్వార్టర్ హార్స్, మహా నెమ్మదస్తుడు. నేను పొరపాటున పగ్గం జారవిడిచినా నాకోసం ఆగి నిలబడేవాడు. ఫోల్సం సరస్సు ఒడ్డున గుర్రాలకి వదిలిన దారులున్నాయి. వారానికోసారి వాటి వెంట పది మైళ్ళు తిరిగొస్తే, ఆ వారం స్టాండప్ మీటింగుల్లో పేరుకున్న విసుగంతా పోయేది.

2022 ఎండాకాలానికి నెమ్మదస్తుడు కాస్తా మారిపోయాడు. జీను తీసుకొస్తుంటేనే చెవులు వెనక్కి వాల్చేవాడు. పొట్ట కింద పట్టీ బిగిస్తుంటే మెడ తిప్పి పళ్ళు చూపించేవాడు. ఏటవాలుగా దిగే చోట రెండుసార్లు తూలాడు. ఒకసారి ట్రాట్ చేయమంటే ససేమిరా అని నడిదారిలో నిలబడిపోయాడు. లాయంలో అనుభవజ్ఞులు తలో మాటా చెప్పారు. "నిన్ను పరీక్షిస్తున్నాడు", "కాస్త గట్టి కళ్ళెం వెయ్యి", "క్వార్టర్ హార్స్ ముసలైతే ఇంతే". యజమానురాలు మాత్రం ఇంకో మాటంది: పిల్లలెక్కే గుర్రం పళ్ళు చూపిస్తే ఇక ఉంచలేను, వేలానికి పంపేస్తాను.

వేలమంటే ఏమిటో నాకు అప్పటిదాకా తెలీదు. అమెరికాలో గుర్రాల కబేళాలు 2007లో మూతపడ్డాయి. కానీ వేలంలో పోయిన గుర్రాల్లో కొన్ని చేతులు మారి మారి, సరిహద్దు దాటి మెక్సికోకో కెనడాకో చేరతాయి. కాలిఫోర్నియాలో అలా అమ్మడం చట్టరీత్యా నేరమే. అయితే ట్రక్కు ఎక్కిన గుర్రం ఏ రాష్ట్రానికి పోతుందో ఎవరు చూడొచ్చారు? వయసు మళ్ళి, కుంటుతూ, చెడ్డపేరు మోసే గుర్రానికి వేలంలో మంచి కొనుగోలుదారు దొరకడం కష్టం.

ఆ రాత్రి నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. నరసరావుపేట దగ్గర మా ఊళ్ళో ఎద్దు కాడికి మెడ ఇవ్వకపోతే ఆయన ముల్లుగర్ర జోలికి వెళ్ళేవాడు కాదు. ముందు కాడి పక్కన పెట్టి, మెడ తడిమి చూసేవాడు. వాపో పుండో కనబడితే ఆ రోజుకి అరక కట్టడం ఉండేది కాదు. ఇక్కడ ఇంతమంది ఇన్ని మాటలు చెప్పారు గానీ జీను తీసి వీపు తడిమి చూద్దామన్నవాళ్ళు లేరు. నాతో సహా.

వీపు మీద ఏముంది?

ఇంజనీర్లం కాబట్టి ముందు నిర్మాణం చూద్దాం. గుర్రానికి 18 జతల పక్కటెముకలు. బరువు మోయాల్సింది ఆ పక్కటెముకల పైన, వెన్నుకి అటూ ఇటూ ఉన్న పొడుగాటి కండరాల మీద. చివరి పక్కటెముక దాటాక వెన్నుకి కింద ఆసరా లేదు, అక్కడ బరువు పడకూడదు. వెన్నుపూసల మీద నేరుగా అసలే పడకూడదు. ముందువైపు మూపు ఉంది, దాని పక్కన భుజపు రెక్క.

మనకి కాలర్ బోన్ ఉంటుంది. గుర్రానికి లేదు. ముందు కాళ్ళు రెండూ మొండేనికి కండరాలతోనే వేలాడుతూ ఉంటాయి. గుర్రం ముందుకాలు చాచినప్పుడల్లా భుజపు రెక్క పైకొస వెనక్కి జరుగుతుంది. మన జీను అక్కడే అడ్డంగా కూర్చుంటే? ప్రతి అడుగుకీ ఎముక వెళ్ళి చట్రానికి తగులుతుంది. దాన్ని తప్పించుకోవడానికి గుర్రం అడుగు కురచ చేస్తుంది. కురచ అడుగుతో పల్లం దిగితే గిట్ట రాళ్ళకి తగిలి తూలుతుంది. పైగా దిగేటప్పుడు జీను ఇంకాస్త ముందుకి జారుతుంది. బిస్కెట్ పల్లంలోనే ఎందుకు తూలాడో నాకు ఇక్కడ అర్థమైంది.

జీను పైకి తోలు. లోపలున్నది గట్టి చట్రం. దాన్ని ట్రీ అంటారు. ఇదివరకు చెక్కతో చేసేవారు, ఇప్పుడు ఫైబర్ గ్లాస్ వంటివి కూడా వాడుతున్నారు. మన కౌబాయ్ సినిమాల్లో చూసే వెస్టర్న్ జీనులో వెన్నుకి అటొకటి ఇటొకటి రెండు పొడుగాటి పలకలు ఉంటాయి, వాటిని బార్లంటారు. బరువంతా ఆ రెండు బార్ల ద్వారానే దిగుతుంది. బార్ల వంపు, వాలు, వెడల్పు గుర్రం వీపుతో కలవాలి. దుకాణంలో "సెమీ క్వార్టర్ హార్స్ బార్లు", "ఫుల్ క్వార్టర్ హార్స్ బార్లు" అని రాసి అమ్ముతారు. చొక్కా మీద మీడియం, లార్జ్ అని రాసినట్టే, ఒక కంపెనీ కొలతకీ ఇంకో కంపెనీ కొలతకీ పొంతన ఉండదు. నేను కొన్నది సెకండ్ హ్యాండ్ జీను. తోలు మీద చెక్కిన పువ్వులు చూసి కొన్నాను. పెళ్ళిచూపుల్లో పట్టుచీర అంచు చూసి వచ్చేసినట్టు.

చెయ్యే కొలబద్ద

జీను అమరిందో లేదో చూడటానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. కింద దుప్పటి వేయకుండా, పట్టీ బిగించకుండా ఉత్త వీపు మీద జీను పెట్టండి. మూపు మీద పెట్టి నెమ్మదిగా వెనక్కి జరిపితే భుజపు రెక్క వెనకాల ఒకచోట దానంతట అదే ఆగుతుంది. అదీ దాని చోటు. చాలామంది ఇంతకంటే ముందుకి కడతారు, నేనూ కట్టాను. ఇప్పుడు మూపుకీ జీనుకీ మధ్య రెండు మూడు వేళ్ళు పట్టాలి. వెనకనుంచి వంగి చూస్తే వెన్ను పొడుగునా అవతలి వెలుతురు కనబడాలి. తరవాత అరచెయ్యి బార్ కిందకి పోనిచ్చి, ముందునుంచి వెనకదాకా తీసుకుపోండి. అంతటా ఒకే బిగువు తగలాలి. ముందు వేళ్ళు నలిగిపోయి, మధ్యలో చెయ్యి ఖాళీగా ఆడి, వెనక మళ్ళీ నలిగితే దాన్ని బ్రిడ్జింగ్ అంటారు. వంతెన లాగా రెండు కొసల మీదే నిలబడిందన్నమాట. దీనికి తలకిందులు కేసు కూడా ఉంది: మధ్యలో మాత్రమే ఆని, కుర్చీ కాలు పొట్టిదైనట్టు ముందుకీ వెనక్కీ ఊగడం.

బిస్కెట్ కేసు మొదటిది. భుజాల దగ్గర నా వేళ్ళు నిజంగా నలిగాయి. చేతికి అంత నొప్పేస్తే, పైన నేను కూర్చుని మూడు గంటలు తిరిగినప్పుడు వాడికెలా ఉండి ఉంటుందో.

లెక్కేసి చూశాను. నేను 180 పౌండ్లు, జీను 36, నీళ్ళూ సంచులూ 10. మొత్తం 226. బార్లు రెండూ కలిపి 200 చదరపు అంగుళాలు ఆనతాయనుకుందాం. చదరపు అంగుళానికి 1.1 పౌండ్ల చిల్లర. బ్రిడ్జింగ్ వల్ల నాలుగు మూలల్లో తలా పది చదరపు అంగుళాలే ఆనితే అదే బరువు 5.6 అవుతుంది. ట్రాట్ చేసేటప్పుడు వీపు మీద పడే గరిష్ఠ బలం కూర్చున్న బరువుకి దాదాపు రెండింతలు. మనుషుల్లో సన్నటి రక్తనాళాల్లో ఒత్తిడి సుమారు 32 మిల్లీమీటర్ల పాదరసం, అంటే చదరపు అంగుళానికి 0.6 చిల్లర. దాన్ని మించి ఎక్కువసేపు నొక్కి ఉంచితే అక్కడికి రక్తం అందదు. మంచాన పడ్డ రోగికి వీపు మీద పుళ్ళు పడేది అందుకే. నావి అంచనా అంకెలే అయినా ఒక సంగతి తేలుతుంది: జీను బాగా అమరినా ఒత్తిడి ఉండనే ఉంటుంది, అమరకపోతే ఆ మూలల్లో కండరం ఉక్కిరిబిక్కిరౌతుంది. దూరప్రయాణాల్లో తెలిసిన రౌతులు మధ్యమధ్య దిగి గుర్రం పక్కన నడిచేది సరదాకి కాదు.

మెత్తటి దుప్పటి ఇంకోటి వేస్తే సరిపోదా అని నేనూ అడిగాను. ఉంగరం వదులైతే దారం చుడతాం. బిగుతైన ఉంగరానికి దారం చుడితే ఏమౌతుంది? ఇరుకు జీను కింద మందపాటి ప్యాడ్ వేసినా అంతే.

వీపు తడిమేటప్పుడు గోళ్ళు తగలకుండా, వేళ్ళ మెత్తటి భాగంతో వెన్నుకి రెండు పక్కలా గట్టిగా నొక్కుకుంటూ పోవాలి. చర్మం జిల్లుమనడం వేరు, ఈగ వాలినా జిల్లుమంటుంది. నొప్పి ఉంటే వీపు కిందకి దించుతుంది, కండరం రాయిలా బిగుసుకుంటుంది, తల ఎత్తుతుంది. మూపు పక్కన తెల్లవెంట్రుకలు గుత్తిగా వస్తే అది పాత గాయం సంతకం. ఒత్తిడికి వెంట్రుక కుదుళ్ళలో రంగునిచ్చే కణాలు దెబ్బతింటే, ఆ తరవాత మొలిచేది తెల్లగా మొలుస్తుంది. బిస్కెట్‌కి ఎడమ మూపు కింద రూపాయి బిళ్ళంత మచ్చ ఉంది. "పుట్టుమచ్చ కాబోలు, ముద్దుగా ఉంది" అని దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టింది నేనే. స్వారీ అయ్యాక చెమట చూడమని కూడా అంటారు. అందరూ తడిసిన వీపులో పొడిగా ఉన్న చోటు చూపించి "ఇదిగో ఇక్కడ నొక్కుతోంది" అంటారు. నొక్కుడు ఎక్కువై చెమట పట్టకపోవచ్చు నిజమే, కానీ అక్కడ జీను అసలు ఆనకపోయినా పొడిగానే ఉంటుంది. బ్రిడ్జింగ్‌లో మధ్యభాగం అలాంటిదే. చేత్తో చూసుకోకుండా పొడి మచ్చని నమ్మి జీను మార్చేస్తే మొదటికే మోసం.

ముందు కాళ్ళు బాగుపడ్డాయి, కథ అయిపోలేదు

జీను అమర్చే నిపుణురాలు ఒకావిడ వచ్చి వీపు గీత తీసింది. ఆవిడ సంచిలోంచి తీసిన పరికరం చూసి నవ్వొచ్చింది: బీ.టెక్ మొదటి సంవత్సరం ఇంజనీరింగ్ డ్రాయింగ్ క్లాసులో వాడిన, ఎటు వంచితే అటు వంగే రబ్బరు స్కేలు! మూపు మీద అడ్డంగా వంచి, ఆ వంపుని అట్ట మీద గీసి, తేదీ వేసి ఇచ్చింది. మూడునెలలకోసారి మళ్ళీ గీసి పోల్చుకోమంది. గుర్రం వీపు కాలాన్ని బట్టి, మేతని బట్టి, పనిని బట్టి మారుతుంది. ఏప్రిల్‌లో అమరిన జీను అక్టోబరులో అమరకపోవచ్చు. నా కోడ్‌కి కూడా నేనింత శ్రద్ధగా వెర్షన్లు దాచుకోలేదు.

పాత జీను అమ్మేసి, 20 పౌండ్ల తేలికపాటి ఎండ్యూరెన్స్ జీను, వెడల్పు చట్రంతో, నెల్లాళ్ళు వాడి చూసే ఒప్పందం మీద తెచ్చుకున్నాను. దాంతో బరువు లెక్క కూడా కలిసొచ్చింది. రౌతూ సామానూ కలిపి గుర్రం బరువులో ఐదోవంతు మించకూడదన్నది ఇక్కడ పాత లెక్క. 2008లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఎనిమిది గుర్రాల మీద 15, 20, 25, 30 శాతం బరువులు పెట్టి చూస్తే, 25 దగ్గర్నుంచీ గుండెవేగం, కండరాల నొప్పి స్పష్టంగా పెరిగాయి. బిస్కెట్ 1050 పౌండ్లు. ఐదోవంతు 210. నా పాత లెక్క 226. కొత్త జీనుతో సరిగ్గా 210. గీత మీద నిలబడ్డాం, గీత దాటకుండా ఉండాలంటే తగ్గాల్సింది ఇక నేనే అని మా ఆవిడ తీర్పు చెప్పింది.

ఆరువారాల విశ్రాంతి, తరవాత కొత్త జీను. అడుగులు పొడుగయ్యాయి. పల్లంలో తూలడం ఆగింది. అందులో జీనుదే మొత్తం ఘనత కాదు. లాడాలు కొట్టే ఆయన, ఫారియర్ అంటారిక్కడ, గిట్టల ముందుకొసలు బాగా పెరిగిపోయాయని చెప్పి తగ్గించాడు. గిట్ట నెలకి సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కకపోతే కొస పొడుగై, నేల వదలడం ఆలస్యమై, గుర్రం తట్టుకుంటుంది. మేము పదకొండు వారాలు వదిలేశాం. ఎవరి వంతు అన్నది సగం లీజులో తేలని లెక్క.

కానీ కొత్త జీను కుడివైపుకి జారుతోంది. సరిచేస్తే అరమైలుకి మళ్ళీ కుడికే. నేను వంకరగా కూర్చుంటున్నానన్నారు. నా రికాబులు కొలిచాం, సమానమే. మా అమ్మాయి ఎక్కింది, అప్పుడూ కుడికే. కొత్త జీను కూడా దండగేనా అని తల పట్టుకున్నాను.

ఇక్కడే నాకు చాలా ఉపయోగపడిన విషయం ఒకటి చదివాను. 2013లో ఇంగ్లండులో, అప్పట్లో న్యూమార్కెట్‌లో ఉన్న యానిమల్ హెల్త్ ట్రస్ట్‌లో లీనా గ్రీవ్, సూ డైసన్ అనే ఇద్దరు పశువైద్యులు జీను పక్కకి జారడం మీద పరిశోధన చేశారు. వెనక కాలు కుంటే గుర్రాల్లో సగానికి పైగా జీను ఒక పక్కకి జారుతోంది, ఎక్కువగా కుంటు ఉన్న పక్కకే. ఆ కాలికి మత్తుసూది ఇచ్చి నొప్పి తెలీకుండా చేస్తే, అదే జీను, అదే రౌతు, జారడం దాదాపు అన్నింటిలో ఆగిపోయింది! అంటే జీను వల్ల కుంటు రావడమే కాదు, కుంటు వల్ల జీను జారడమూ ఉంది. లాగ్‌లో ఎర్రర్ ఒకచోట కనబడుతుంది, బగ్ ఇంకెక్కడో ఉంటుంది. మన వృత్తిలో రోజూ చూసేదే, అయినా గుర్రం దగ్గర తట్టలేదు.

మరి నాకు కుంటు కంటికి ఎందుకు కనబడలేదు? ఇక్కడి గుర్రాల వైద్యుల సంఘం వాళ్ళకి కుంటుకి సున్నా నుంచి ఐదు దాకా ఒక కొలమానం ఉంది. మూడంటే ట్రాట్‌లో ఎప్పుడు చూసినా కనబడేది, నాలుగంటే మామూలు నడకలోనే తెలిసేది. ఒకటీ రెండూ చూస్తేనే చిక్కు: రెండో మెట్టులో తిన్నగా నడిపిస్తే పెద్దగా తెలీదు, బరువెక్కించినప్పుడో గుండ్రంగా తిప్పినప్పుడో ఏటవాలులోనో బయటపడుతుంది. ట్రెయిల్ మీద ఉన్నవన్నీ అవే, కానీ అప్పుడు మనం పైన కూర్చుని ఉంటాం, కింద కాళ్ళు చూసేదెవరు? ముందుకాలు నొప్పైతే తల చెబుతుంది: నొప్పి కాలు ఆనినప్పుడు తల పైకి, మంచి కాలు ఆనినప్పుడు కిందకి. అయితే రెండు ముందుకాళ్ళకీ సమానంగా ఇబ్బంది ఉంటే తల ఊగదు, అడుగు కురచౌతుందంతే. జీను రెండు భుజాల్నీ నొక్కినప్పుడు బిస్కెట్ తల ఊపకపోవడానికి కారణం అదే. వెనక కాలికి తల కాదు, పిరుదు ఎముకలు చూడాలి. నొప్పి పక్క ఎక్కువ ఎగిరిపడుతుంది. ఫోన్‌లో వెనకనుంచి వీడియో తీసి నెమ్మదిగా తిప్పి చూడండి. అలా చూశాక మా అమ్మాయే మొదట కనిపెట్టింది.

డాక్టర్ వచ్చి గట్టి నేల మీద ట్రాట్ చేయించి, గుండ్రంగా తిప్పించి, కుడి వెనక కాలు ఒక నిమిషం మడిచి పట్టుకుని వదిలి చూసింది. నాలుగడుగులు స్పష్టంగా కుంటాడు. ఎక్స్‌రేలో కుడి హాక్ కీలు కింది భాగంలో కీళ్ళవాతం. క్వార్టర్ హార్స్‌లకి ఈ వయసులో ఇది కొత్తేం కాదట. ఆ కింది కీళ్ళు పెద్దగా కదిలేవి కావు. కొన్ని గుర్రాలకి అవి కాలక్రమేణా అతుక్కుపోయి నొప్పి తగ్గుతుంది కూడా. కీలులోకి స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇచ్చింది. బ్యూట్ అని ఇక్కడ ప్రతి లాయం అలమారలోనూ ఉండే నొప్పిమందు, రోజూ వేస్తూపోతే కడుపులో పుళ్ళకీ కిడ్నీలకీ ప్రమాదమని మరీ మరీ చెప్పింది. ఆ రోజు బిల్లు జీను ధరకి దగ్గర్లో ఉంది. మూడు వారాల తరవాత నెమ్మది స్వారీ మొదలుపెడితే జీను నడిమధ్యనే ఉంది.

ఇంకో మాట. ఆ డైసనే 2018లో స్వారీలో నొప్పిని పట్టే 24 ప్రవర్తనల జాబితా ఒకటి ప్రచురించింది. చెవులు ఐదు సెకన్లకి మించి వెనక్కి వాల్చి ఉంచడం, తోక అదేపనిగా కొట్టడం, నోరు తెరవడం, తూలడం, ముందుకి కదలననడం లాంటివన్నీ అందులో ఉన్నాయి. ఎనిమిదో అంతకుమించో కనబడితే ఒంట్లో ఎక్కడో నొప్పి ఉండే అవకాశం ఎక్కువ. నేను గుర్తు తెచ్చుకుని లెక్కపెడితే బిస్కెట్‌కి తొమ్మిది వచ్చాయి. "పొగరు" అని మేం రాసుకున్నవన్నీ.

మా ఊరికి దగ్గర్లోని ఆబర్న్‌లో ముగిసే టెవిస్ కప్ అనే గుర్రపు పరుగు ఉంది. సియెర్రా కొండలమీదుగా ఒక రోజులో వంద మైళ్ళు, 1955 నుంచీ జరుగుతోంది. ఈసారి వీలైతే దారిలో డాక్టర్లు ఆపే చోటికి వెళ్ళి చూడండి, కప్పు ఇచ్చే చోటికంటే అక్కడే నేర్చుకునేది ఎక్కువ. ప్రతి గుర్రాన్నీ ట్రాట్ చేయించి, గుండె కొట్టుకోవడం విని, మూపూ వీపూ నొక్కి చూస్తారు. కుంటు కనబడితే ఎంత పేరున్న రౌతైనా అక్కడితో ఆపాల్సిందే. బయల్దేరిన గుర్రాల్లో చివరిదాకా వచ్చేవి చాలా ఏళ్ళు సగమే.

బిస్కెట్ వేలానికి వెళ్ళలేదు. డాక్టర్ రిపోర్టు, వీపు గీతల అట్టలు తీసుకెళ్ళి యజమానురాలి ముందు పెట్టాను. ఆవిడ చాలాసేపు చదివింది. కీళ్ళవాతం ఉన్న గుర్రాన్ని పాఠాలకి వాడలేను, నువ్వే తీసుకుంటావా అంది. తీసుకున్నాం. ఇప్పుడు మా అమ్మాయి మాత్రమే ఎక్కుతుంది, సరస్సు ఒడ్డున చదునైన దారిలో, నడకా కొంచెం ట్రాట్, అంతే. నేను పక్కన నడుస్తాను. అట్టలు పదకొండు అయ్యాయి.

జీను తీసుకొస్తుంటే చెవులు వెనక్కి వాల్చడం మాత్రం పూర్తిగా పోలేదు. వీపులో నొప్పేం లేదని డాక్టర్ రెండుసార్లు చూసి చెప్పింది. అలవాటైన భయం కాబోలు. పట్టీ ఒక్కో రంధ్రమే బిగించి, మధ్యలో నాలుగడుగులు నడిపించి, క్యారెట్ ముక్క పెడుతున్నాం. ఈ మధ్య కొన్ని రోజులు ఎడమ చెవి ఒక్కటే వెనక్కి వెళుతోంది.